బ్యాగులో తిరిగే కంప్యూటర్

వెంకటాచలంలో ముంతాజ్ బేగం నడిపే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపులో డిజైన్లన్నీ ఒక డెస్క్‌టాప్‌లోనే ఉండేవి. బల్ల కింద బరువైన డబ్బా, బల్ల మీద పెద్ద స్క్రీను. దాన్ని ఎవరూ చంకలో పెట్టుకుని పోలేరన్నదే ఆమెకు ధైర్యం. భర్త పోయాక ఆ డిజైన్ల మీదే బతికింది. ముఖ్యంగా జాకెట్ల వీపున కుట్టే నెమలి కోసం పెళ్లివాళ్లు వెతుక్కుంటూ వచ్చేవారు.

కొత్తగా చేరిన డిజైనర్ బిందు ఒకరోజు సొంత ల్యాప్‌టాప్ తెచ్చుకుంది.

"ఏందమ్మాయ్ అది? మన దానికంటే స్పీడా?" అని అడిగింది ముంతాజ్.

"స్పీడేం లేదక్కా. పెద్ద డిజైన్ తెరిస్తే వేడెక్కిపోతాది. కానీ పెళ్లివాళ్ల ఇంటికే ఎత్తుకోని పోయి, చీర పక్కన పెట్టి రంగులు మార్చి చూపించొచ్చు."

నిదానంగా పనిచేసేదాన్ని కొనడమెందుకు, తన డిజైన్లు ఎత్తుకుపోవడానికేనా అని ముంతాజ్‌కు అనుమానం పట్టుకుంది. బిందు పెన్‌డ్రైవ్ తీస్తే చాలు, కుట్టు మిషన్ దగ్గరి నుంచి అటే చూసేది. ఇంతలో గూడూరు బస్సులో ఎవరో అమ్మాయి జాకెట్టు మీద తన నెమలి కనిపించింది. నెల్లూరులో కుట్టించానంది ఆ అమ్మాయి.

మర్నాడు బిందు భోజనానికి వెళ్లగానే, ముంతాజ్ కంప్యూటర్లు బాగుచేసే తన తమ్ముడు పర్వేజ్‌ను పిలిపించి ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది. పాస్‌వర్డ్ దగ్గరే అతను ఆగిపోయాడు. అప్పుడే బిందు తిరిగొచ్చింది. తనే పాస్‌వర్డ్ కొట్టి తెరిచింది.

"చూడన్నా. అన్నీ చూడు."

పర్వేజ్ చాలాసేపు వెతికాడు. అందులో బిందు గీసిన కొత్త పూలు, తీగలు తప్ప ఏమీ లేవు. "నెమలి లేదక్కా," అన్నాడు.

"ఆ నెమలి నెట్‌లో ఎవరికైనా అమ్ముతారక్కా," అంది బిందు. "మీ పాత డిజైనర్ కూడా అక్కడే కొన్నాడు. మీరు బాధపడతారని నేను చెప్పలా."

ముంతాజ్ డెస్క్‌టాప్ వైపు చూసింది. ఇన్నాళ్లూ కాపలా కాసింది ఊరందరి దగ్గరా ఉన్నదానికా అనిపించింది.

"నన్నడిగుంటే అప్పుడే చూపించేదాన్ని," అంది బిందు.

"తప్పైపోయింది బిందూ."

ఆ వారం విడవలూరులో పెళ్లివారింటికి ఇద్దరూ కలిసే వెళ్లారు. ల్యాప్‌టాప్ తెరుచుకునేదాకా ముంతాజ్ పెళ్లికూతురి తల్లితో కబుర్లు చెప్పింది. బిందు పూలతీగ వాళ్లకు నచ్చింది. పని పెరిగింది. బిందు మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ ల్యాప్‌టాప్‌ను షాపులో వదిలి భోజనానికి వెళ్లలేదు.