కాలిబాట దేవతకు గొడుగు

వాన పడితే అందరికీ వేడి టీ గుర్తొస్తుంది. మా బాబాయికి మాత్రం దేవతలు గుర్తొచ్చేవారు. దండం పెట్టుకోవడానికి కాదు, ఫొటో తీయడానికి. ఆయన స్టూడియోకి ఎదురుగా, బస్టాండు కాలిబాట మీద రంగుసుద్దలతో దేవతల బొమ్మలు గీసే ఒకావిడ ఉండేది. అందరూ సుద్దమ్మ అనేవారు. ఎండ కాసినంతసేపూ ఆ బొమ్మల వంక కన్నెత్తి చూడని బాబాయి, తొలి చినుకు పడగానే కెమెరాతో లంఘించేవాడు.

ఆ సమయానికి స్టూడియోలో ఎవరున్నా సరే, గాలికి వదిలేయడమే. ఒకసారి ఎవరినో పాస్‌పోర్టు ఫొటోకి స్టూలు మీద కూర్చోబెట్టి, "గడ్డం కాస్త పైకి... అంతే, కదలకండి" అన్నాడు. బయట ఉరిమింది. బాబాయి మాయం. తడిసి ముద్దై తిరిగొచ్చేసరికి ఆ మహానుభావుడు ఇంకా గడ్డం దించలేదు.

"మెడ పట్టేసిందండీ," అన్నాడు పెదవులు కదపకుండా.

"అదిగో, మాట్లాడారు! మళ్ళీ మొదటికొచ్చింది," అన్నాడు బాబాయి.

"ఎండలో తీస్తే దేవతకి చెమట పోస్తుందా?" అని దులిపేసేది పిన్ని. "దండెం మీద బట్టలు తడుస్తున్నా లేవరు గానీ!" బాబాయి తల తుడుచుకుంటూ తుమ్మేవాడు. అదే ఆయన జవాబు.

ఒక వానరోజు గొడుగు పట్టమని నన్నూ లాక్కెళ్ళాడు. మర్యాదగా ఆయన నెత్తి మీద పట్టాను.

"నాకెందుకురా! దేవతకి పట్టు!"

బస్సులు దిగిన జనం మమ్మల్ని తిట్టుకుంటూ చుట్టు తిరిగి పోతున్నారు. సుద్దమ్మ మోకాళ్ళ మీద వంగి ఇంకా దిద్దుతూనే ఉంది. "ఒక్క నిమిషం సారూ, కనుబొమ్మ కుదర్లేదు."

"ఏ దేవతని గీసినా ఈ మొహమేనేం?" అన్నాను.

"మా అక్కయ్యది బాబూ. నన్ను పెంచింది. పోయి చాలా ఏళ్ళయింది. ఒక్క ఫొటో కూడా లేదు. ముక్కు కుదిరితే కళ్ళు కుదరవు. ఈమధ్య కళ్ళు మూసుకున్నా సరిగ్గా కనబడ్డం లేదు."

బాబాయి నా చెవి దగ్గరకొచ్చాడు. "వాన తరిమితే గానీ చెయ్యి ఆపదురా. మొహం పోలిక దగ్గరికొచ్చేది ఆ చివరి గీతలోనే. ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలిచ్చినా, 'అక్క కాదు సారూ' అని తిప్పిచ్చేసింది."

ఇంతలో సుద్దమ్మ చెయ్యి గబుక్కున వెనక్కి తీసుకుంది. "సారూ... అక్క!"

అప్పటికే గట్టు వైపు నుంచి నీళ్ళు పాయలా బొమ్మ చెంప మీదికి వస్తున్నాయి. బాబాయి ఆ నీళ్ళకి అడ్డంగా పడుకుని తన పొట్టనే ఆనకట్ట చేశాడు. కెమెరా రెండు చేతులా పైకెత్తి, "తల్లీ, కదలకు!" అని నొక్కాడు. ఆ పొట్ట ఎంతసేపని ఆపుతుంది? కాసేపటికి ఎరుపూ పసుపూ కలిసి మురుగుకాలవ దారి పట్టాయి. ముగ్గురం చూస్తూ నిలబడిపోయాం.

మర్నాడు సుద్దమ్మ స్టూడియోకొచ్చి, ఫొటో ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఆ బొమ్మ చెంప నిమిరింది.

"అక్కే సారూ. కాకపోతే ఇంత శాంతంగా ఎన్నడూ లేదు. మహా కోపిష్టి. నన్ను చూస్తే చాలు, అరిచేది." ఆగి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఒక్కసారి ఆ అరుపు వినబడితే బాగుండును."

బాబాయి తుమ్మాడు.

"ఫొటోలో అందరూ బుద్ధిమంతులేనమ్మా. ఇంటికి తీసుకెళ్ళి చూడు, అరవడం మొదలెడుతుంది."

సుద్దమ్మ కళ్ళనీళ్ళతోనే పకపకా నవ్వింది.