గుడికని చెప్పి వెళ్ళిన షికార్లు

మీ ఇంట్లో ఆడవాళ్ళు గుడికి వెళ్ళొస్తామని చెప్పి గడప దాటిన ప్రతిసారీ గుడికే వెళ్తున్నారని మీరు నిజంగా నమ్ముతున్నారా? లేక నమ్మకపోయినా నమ్మినట్టు ఊరుకుంటున్నారా? నాకు ఈ రెండో ప్రశ్నకే జవాబు కావాలి. మొదటిదాని జవాబు పోయిన వారం గోదావరి గట్టు మీద నా కళ్ళతో చూశాను.

సాయంత్రం ఎండ తగ్గాక మోకాళ్ళు ఒప్పుకున్నంత దూరం గట్టు వెంట నడిచి, రేవు దగ్గర సిమెంటు బల్ల మీద కాసేపు కూర్చుని రావడం ఈ డెబ్బయ్యో పడిలో నేను మానుకోలేని అలవాటు. ఆ రోజు ఆ బల్ల మీద మా కింది ఫ్లాటావిడ కూర్చుని కాల్చిన మొక్కజొన్న పొత్తు తింటోంది. ఆవిడ భర్త పోయి ఎనిమిది నెలలైంది. సాటి ఆడదాన్నైన నన్ను చూడగానే, యాభై అయిదేళ్ళ మనిషి, ఇద్దరు మనవల్ని ఎత్తుకున్న మనిషి, ఆ పొత్తును చటుక్కున పమిట కింద దాచేసింది. దాచాక తనకే సిగ్గనిపించినట్టుంది.

"ఇంట్లో గుడికని చెప్పొచ్చానండీ. మా అత్తగారితో అనకండేం," అంది.

అననులెండి అని నవ్వేసి పక్కన కూర్చున్నాను. పొత్తు వేడి చేతికి తగులుతోంది కాబోలు, పమిట చాటున ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మారుస్తోంది గానీ బయటికి తియ్యడం లేదు. చివరికి ఆవిడ చల్లారకుండా తింటుందని నేనే లేచి వచ్చేశాను. వస్తున్నంతసేపూ నామీద నాకే కోపం. యాభై ఏళ్ళ కిందట కూడా నేను ఇలాగే చెప్పాల్సిన మాట చెప్పకుండా ఒక మనిషిని వదిలేశాను.

నా వయసు వాళ్ళకు ఆనాటి రాజమండ్రి గురించి వేరే చెప్పక్కర్లేదు గానీ, మనం మరిచిపోయినట్టు నటిస్తున్నాం కనక చెబుతున్నాను. ఇంత పెద్ద ఊళ్ళో సరదాగా సాయంత్రం గడపడానికి ఆ రోజుల్లో చేతిలో పెద్దగా ఏమీ ఉండక్కర్లేదు. మునిసిపల్ పార్కులో వార్తల వేళకు రేడియో పెట్టేవారు, ఆ తర్వాత పాటలు వచ్చేదాకా జనం గడ్డిలోంచి కదిలేవారు కాదు. రేవులో పట్టిసీమ లాంచీ కదులుతుంటే చూడటం ఒక వినోదం, గోళీసోడా కొట్టువాడు గోళీని లోపలికి నొక్కేటప్పుడు వచ్చే చప్పుడు ఇంకో వినోదం. వేసవిలో ఎగ్జిబిషన్ పెడితే లోపలికి వెళ్ళకపోయినా ఆ దీపాల కింద బయట తిరగడమే మాకు పండగ. ఇవన్నీ అందరికీ చవగ్గా దొరికేవి. మా అత్తకు మాత్రం ఇందులో ఏదీ చవగ్గా దొరకలేదు.

అత్త అంటే మా నాన్నగారి చెల్లెలు. తునిలో ఇచ్చారు. ఇరవై ఆరో ఏట భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. మా నాన్నగారు హైస్కూలు హెడ్మాస్టరు, ఊళ్ళో సంస్కరణ సభ ఏది జరిగినా అధ్యక్షుల కుర్చీ ఆయనదే. వితంతువుల దుస్థితి గురించి ఆయన మాట్లాడుతుంటే ముందు వరుసలో కూర్చున్న వాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. ఆ ఉపన్యాసానికి తొడుక్కెళ్ళే చొక్కా ఇస్త్రీ చేసింది అత్తే, కానీ ఆ సభకు ఆమెను రమ్మని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. మా మామ్మ, అంటే నాన్నగారి తల్లి, కూతురు సినిమాకూ, పేరంటానికీ, గట్టు మీదకూ వెళ్ళకూడదని శాసించింది. నాన్నగారు ఆ శాసనాన్ని ఖండించలేదు, సమర్థించనూ లేదు. సభల్లో అంత గట్టిగా మాట్లాడే మనిషి ఇంట్లో పేపరు అడ్డం పెట్టుకునేవారు.

దీనికి తోడు తునినుంచి ఉత్తరాలు. అత్త బావగారు నెలకొకటి రాసేవారు. తన భార్యకు మోకాళ్ళు పట్టేశాయనీ, వండిపెట్టే మనిషి లేదనీ, మా ఇంటి కోడల్ని మాకు పంపెయ్యండనీ. పంపేద్దామని మామ్మ అనేది, చూద్దాంలే అని నాన్నగారు అనేవారు. ఆ 'చూద్దాంలే' మీదనే అత్త మా ఇంట్లో నిలబడి ఉంది. ఏ చిన్న వంక దొరికినా తుని ప్రయాణమేనని అత్తకూ తెలుసు, నాకూ తెలుసు.

అందుకని మేమిద్దరం గుడిని పట్టుకున్నాం. గుడికంటే మామ్మ కాదనదు. నేనప్పుడు బి.ఏ. రెండో ఏడు. దేవుడు లేడని తేల్చేసుకుని, చర్చా పోటీల్లో స్త్రీ స్వేచ్ఛ మీద మాట్లాడి కప్పులు తెచ్చుకుంటున్న రోజులు. గుళ్ళో కాలు పెట్టనని చెప్పుల దగ్గరే నిలబడేదాన్ని. అత్త లోపలికి వెళ్ళి మూడు నిమిషాల్లో ప్రసాదం పట్టుకొచ్చేది, ఇక మిగతా సాయంత్రమంతా మాదే. పార్కు రేడియో, సోడా, బజ్జీలు, పుస్తకాల కొట్టు ముందు నిలబడి పత్రికలు తిరగెయ్యడం.

"దేవుణ్ణి నమ్మకపోతే మానెయ్ గానీ ప్రసాదాన్ని నమ్మవే అమ్మాయ్. మన టిక్కెట్టు అదే," అనేది అత్త.

నేను ఆ మాటను వేళాకోళంగా తీసుకున్నాను.

అత్తకు ఒక కోరిక ఉండేది. మా చుట్టాలందరూ గోదావరికి ఈ పక్కనే. అందుచేత ఆ వంతెన మీద రైళ్ళ చప్పుడు వింటూ పెరిగిన మనిషి ఒక్కసారైనా దాన్ని దాటలేదు. పగటిపూట, కిటికీ పక్కన కూర్చుని, అవతలి ఒడ్డు దాకా వెళ్ళి రావాలి. అంతే. కొవ్వూరు దాకా పాసింజరు టిక్కెట్టు ఎంతో కాదు. కావలసిందల్లా మూడు నాలుగు గంటల సమయం, దానికి తగ్గ సాకు. సాకు నేనే కనిపెట్టాను. కోరుకొండ నరసింహస్వామి. బస్సులో వెళ్ళాలి, కొండ మెట్లెక్కాలి, ఆలస్యమైతే ఎవరూ తప్పు పట్టరు. నా తర్కానికి నేనే మురిసిపోయాను.

ఒక శనివారం మధ్యాహ్నం బయలుదేరాం. రైలు వంతెన ఎక్కగానే అత్త కిటికీ చువ్వలు రెండు చేతులా పట్టుకుంది. ఇనుప దూలాలు ఒకదాని వెనక ఒకటి తోసుకుపోతున్నాయి, వాటి సందుల్లోంచి నీళ్ళు, ఇసుక తిన్నెలు, ఎక్కడో ఒక నావ. పెట్టెలో వాళ్ళందరూ దండాలు పెడుతూ గోదారిలోకి డబ్బులు విసురుతున్నారు. అత్త గుప్పిట్లో కూడా ఒక నాణెం ఉంది. విసరడం మూఢత్వమని చెప్పడానికి నేను గొంతు సవరించుకునే లోపలే ఆమె దాన్ని మళ్ళీ కొంగున కట్టేసుకుంది.

"గోదారికి ఏం తక్కువే. మనం పునుగులు తిందాం," అంది.

తిన్నాం. కొవ్వూరు ఒడ్డున, ఆకులో, వేడి వేడివి. అక్కడనుంచి మా ఊరు కనిపించింది. అటు నుంచి ఇటు చూడటం అత్తకు అదే మొదటిసారి. మన ఊరు ఇంతేనా అంది, దీనికేనా ఇంత భయపడుతున్నాం అని కూడా అంది. చేతులు ఒళ్ళో వదిలేసుకుని, ఏ పనీ చెయ్యకుండా, పావుగంట సేపు కూర్చుంది. అత్తను ఖాళీ చేతులతో నేను చూసింది అప్పుడొక్కసారే.

తిరుగు రైలు రాలేదు. గంట గడిచింది. లైను మీద ఏదో ఆగిందన్నారు, ఏదో చెప్పలేదు. దీపాలు పెట్టే వేళకు ఇంట్లో లేకపోతే మామ్మ వీధి గుమ్మంలోకి వచ్చి కూర్చుంటుంది. అత్త మొహంలో పొద్దుటినుంచీ ఉన్న వెలుగు కొద్దికొద్దిగా తగ్గిపోతోంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, చేతిలో ప్రసాదం లేదని. అత్తను ప్లాట్‌ఫారం మీదే ఉండమని చెప్పి, రేవు దగ్గర శివాలయానికి పరుగెత్తాను. పూజారిగారు కాగితంలో చుట్టి ఇచ్చింది తీసుకుని, అందులో ఏముందో చూడకుండా, చూసినా తేడా తెలియకుండా, వెనక్కి పరుగు. సిగ్నల్ పడింది. ఆ రైలుకు జనం ఎంతమందంటే మేం నిలబడే వచ్చాం. పొట్లం నా గుప్పిట్లోనే ఉంది, అత్త చూపించమని అడగలేదు. తిరుగు ప్రయాణంలో వంతెనను ఇద్దరమూ చూడలేదు.

మామ్మ వీధి గుమ్మంలోనే ఉంది.

ఆలస్యమైందేమని అడగలేదు. చెయ్యి చాపింది. పొట్లం ఇచ్చాను. కళ్ళకద్దుకుని విప్పింది. తెల్లగా, మెత్తగా, నిండా విభూది.

"నరసింహస్వామి గుళ్ళో విభూది ఎప్పణ్ణుంచి ఇస్తున్నారే?" అంది మామ్మ.

కోరుకొండలో తులసీ, తీర్థమూ ఇస్తారనీ, విభూది శివుడి గుళ్ళో ఇస్తారనీ మా ఇంట్లో మూడేళ్ళ పిల్లకు కూడా తెలుసు. తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. చూడని దాన్ని, చదవని దాన్ని ఖండించకూడదన్నది చర్చా పోటీల్లో మాకు నేర్పిన మొదటి పాఠం. అత్త ఆ పొట్లం వైపు ఒకసారి, నావైపు ఒకసారి చూసింది. లోపలినుంచి నాన్నగారు వచ్చారు, చేతిలో పేపరుతోనే.

అబద్ధం ఇంకొకటి అల్లడానికి అత్తకు వ్యవధి లేక కాదు. ఆమె అల్లలేదు.

"గుడికి వెళ్ళలేదమ్మా. కొవ్వూరు వెళ్ళాం. వంతెన చూడాలనిపించింది, చూశాను. పునుగులు కూడా తిన్నాను," అంది.

"మొగుడు పోయినదానికి షికార్లు కావాలా?"

"కావాలమ్మా."

నా జన్మలో అంతకన్న మంచి ఉపన్యాసం నేను వినలేదు. నాన్నగారు మాత్రం ఆ మాట విననట్టే నావైపు తిరిగి, ఇదంతా ఎవరి ఆలోచన అని అడిగారు. సాకు నాది, రోజు నాది, పొట్లం నాది. నా గదిలో అలమరా మీద మూడు కప్పులున్నాయి. నేను అన్న మాట, "అత్తే అడిగింది."

అది అబద్ధం కాదు, చూడండి. అత్త నిజంగానే అడిగింది. నిజాన్ని ఇలా కూడా వాడొచ్చని నాకు ఆ రోజే తెలిసింది. అత్త వెంటనే, "అవును, నేనే అడిగాను. దాన్నేమీ అనకండి," అని లోపలికి వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, పొయ్యి వెలిగించింది.

మర్నాడే తునికి ఉత్తరం వెళ్ళింది. ఈసారి నాన్నగారు చూద్దాంలే అనలేదు. వారం తిరక్కుండా ఆయనే దగ్గరుండి రైలెక్కించారు. నేనూ స్టేషనుకు వెళ్ళాను. అత్తే కిటికీలోంచి, "ఈ రైలు వంతెన ఎక్కదు కదే," అని నవ్వింది. తుని గోదారికి ఇవతలే. ఎక్కదు.

ఆ ఇంట్లో వండుతూనే పదకొండేళ్ళు బతికి కన్నుమూసింది. ఆ పదకొండేళ్ళలో నాకు ఉద్యోగం వచ్చింది, జీతం వచ్చింది, పేరూ వచ్చింది. ఒక్క వారం పిలిపించి, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా ఆ వంతెన దాటించి తీసుకురాగలిగిన దాన్ని. ఏటా అనుకున్నాను. విభూది మీద, ప్రసాదాల మీద, పూజార్ల మీద ఎన్ని వ్యాసాలు రాశానో లెక్కలేదు. ఒక మనిషికి పునుగులు తినడానికి గుడి సాకు ఎందుకు కావలసి వచ్చిందో ఒక్కటి రాయలేదు. రాస్తే ఆ గుమ్మంలో నేనూ కనిపించాలి కదా.

ఆ పాత వంతెన మీద రైళ్ళు ఆగిపోయి చాలా ఏళ్ళయింది. దాని పక్కన కొత్తవి వచ్చాయి. గట్టుకు రంగు దీపాలు, నున్నటి రాళ్ళు, ఫొటోలు దిగడానికి పెద్ద పెద్ద అక్షరాలు వచ్చాయి. కింది ఫ్లాటావిడ చేతిలో ఫోనుంది, పేరు మీద పెన్షనుంది, కావాలంటే గట్టు మీద పొత్తులన్నీ కొనగలదు. అయినా ఆ పొత్తు పమిట కిందే ఉంది. గోదావరి గాలికి మగవాళ్ళు ఏమీ ఇచ్చుకోనక్కర్లేదు, ఆడవాళ్ళు మాత్రం ఈనాటికీ ఒక అబద్ధం ఇచ్చుకోవాలి. దీన్ని మార్పు అని మురిసిపోవడం నా వల్ల కాదు.

నిన్న మధ్యాహ్నం కిందికి వెళ్ళి తలుపు తట్టాను. అత్తగారే తీశారు. ఎనభై దాటిన మనిషి, చూపు మాత్రం చురుగ్గా ఉంది. కోడల్ని నాతో పంపమన్నాను. వెనక ఆవిడ నిలబడి నాకు కళ్ళతో సైగ చేస్తోంది, చెప్పొద్దని.

"ఎక్కడికండీ? గుడికా?" అన్నారు అత్తగారు.

అవునని నాలుక చివరిదాకా వచ్చింది. యాభై ఏళ్ళ అలవాటు ఒక్క క్షణంలో పోదు.

"కాదండీ. షికారుకి. రైల్లో కొవ్వూరు దాకా వెళ్ళి, అక్కడ ఏమైనా తిని వస్తాం," అన్నాను.

ఆవిడ నన్ను చాలాసేపు చూశారు. కోడల్ని చూశారు. వద్దనీ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. తలుపుకు అడ్డంగా ఉన్న కుర్చీని మాత్రం చేత్తో కొంచెం పక్కకు జరుపుకుని అందులో కూర్చున్నారు. కింది ఫ్లాటావిడ చెప్పులు వేసుకుని నా పక్కకు వచ్చింది. షికారుకని చెప్పిన ఆ మాట మా అత్తకు నేను బాకీపడ్డది, చేరవలసిన మనిషికి చేరలేదు.

మీరు నా ఈడువాళ్ళు. మీ ఇళ్ళలోనూ అలాంటి మనిషి ఒకరుంటారు. అక్కో, వదినో, పిన్నో, కోడలో. ఈ పేజీ ఇక్కడ పెట్టి లేవండి. ఈ సాయంత్రమే ఆమెను బయటికి తీసుకెళ్ళండి. ఎక్కడికని ఎవరడిగినా గుడికని చెప్పకండి. షికారుకని చెప్పండి, గుమ్మంలో నిలబడి, వీధి వీధంతా వినేలా చెప్పండి.