పొగాకు బ్యారన్‌లో ఆరబెట్టిన రెక్క

పొయ్యి వేడితో ఆకు ఆరబెట్టే మా పొగాకు బ్యారన్‌లో రెండేళ్ళు కూర్చుని చెక్కతో గ్లైడర్ చేశాం, నేనూ, నాతో చదువుకున్న వడ్రంగీ. ఇంజను ఉండదు. ట్రాక్టరుకు తాడు కట్టి లాగితే గాలి మీద లేవాలి. బొమ్మ నాది, బ్యారన్ నేల మీద సుద్దముక్కతో అసలు కొలతకే గీశాను. పనితనం వాడిది. రెక్క పొడవునా ఉండే దూలానికి ఒకే కర్ర దొరక్క, రెండు ముక్కల్ని ఏటవాలుగా చెక్కి జిగురుతో అతికాడు.

"నాలుగు రోజులు దీని జోలికి రాకు" అని చెప్పి వెళ్ళాడు.

ముసురు పట్టింది. ఆదివారం ఎగరేస్తామని నేను టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పేశాను. "ఏరా, నీ విమానం ఇంకా గుడ్లు పొదుగుతోందా?" అని అప్పటికే ఆటపట్టిస్తున్నారు. ఇన్నేళ్ళుగా ఆకు ఆరబెట్టినవాణ్ణి, జిగురు ఆరబెట్టలేనా అనుకున్నాను. బ్యారన్ పొయ్యి వెలిగించాను. మధ్యాహ్నానికి దూలం టిక్కుమంది. అతుకు వెంట వెంట్రుకంత చీలిక. దాని మీద వార్నిష్ పూశాను. ఆరీ ఆరకముందే రెక్క మీద చీరాల నుంచి తెచ్చిన నేతగుడ్డ బిగించాను.

"అప్పుడే గుడ్డేశావేంట్రా? అతుకు చూడొద్దా?" అన్నాడు వాడు వచ్చి.

"నేను చూశాలే."

అబద్ధం కాదు. అందుకే మరీ నీచం.

ఆదివారం బీడు చేలో నేను ఎక్కబోతుంటే వాడు చొక్కా పట్టుకుని లాగాడు. "నీ బరువుకి ఇది కాదు, ట్రాక్టరే లేవాలి. దిగరా!" అందరూ నవ్వారు. వాడు కూర్చున్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. ఆ నవ్వుల మధ్యే వెళ్ళి ట్రాక్టరుకు తాడు కట్టాను. గ్లైడర్ తాటిచెట్టంత ఎత్తు లేచింది. ఎడమ రెక్క మధ్యకు విరిగింది.

వాడి కుడి మణికట్టు నుజ్జయింది. ఒంగోలు ఆసుపత్రిలో నన్ను చూడగానే ఏడ్చాడు. "నా అతుకే విడిపోయిందిరా. నువ్వెక్కుంటే నిన్ను చంపేసేవాణ్ణి." నేను వాడి భుజం నిమిరాను.

చెయ్యి చాలావరకు బాగుపడింది. కానీ వాడు ఉలి పట్టలేదు. ఎవరైనా గుమ్మం చేయమని వస్తే, "నా అతుకు నమ్మొద్దండీ" అని పంపేసేవాడు. మూడేళ్ళు ఆ మాట నా చెవిన పడుతూనే ఉంది. చెబుదామని ఎన్నిసార్లో వాడి వీధి మొగదాకా వెళ్ళి, వెనక్కి తిరిగాను.

పోయిన నెల విరిగిన దూలం ముక్క తీసుకెళ్ళి వాడి ముందు పెట్టాను. బొటనవేలితో అతుకు తడిమాడు. సగం తెల్లగా ఉంది. మిగతా సగంలో వార్నిష్ లోపలిదాకా దిగి గోధుమరంగు తేలింది. వాడికి నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

"అంటే ముందే చీలుంది."

"ఆఁ. పొయ్యి వెలిగించాను."

"వార్నిష్ పూసింది నువ్వేగా?"

"నేనే."

చాలాసేపు తన కుడిచేతినే చూసుకున్నాడు. తిడతాడని కాచుకున్నాను. కొట్టినా బాగుండుననిపించింది.

"ఇన్నాళ్ళూ ఈ చేతిని తిట్టుకున్నానురా" అన్నాడు. "ఆ ముక్క ఇక్కడ పెట్టి వెళ్ళు."

పెట్టి వచ్చాను. ఆ రోజు నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాను. మోగుతుంది. వాడు ఎత్తడు.