కొర్నేలి పోసిన రెక్కల సింహాల కంకణం

భిలాయి ఉక్కు కర్మాగారపు ఫౌండ్రీలో ముప్పై నాలుగేళ్లు కొర్నేలిగారు చేసిన పని ఒక్కటే: లోహం పోయడానికి ముందు, ఆ వస్తువు నమూనాను చెక్కలో చెక్కడం. రిటైరయ్యాక క్యాంప్ 1లోని తన ఇంటి వరండాలో ఆ పనిని సొంత సరదాకు సాగించారు.

భార్య డైసీ మరణించాక, ఆమె బంగారు గాజులను కరిగించి కూతురు ఏంజెలాకు ఒక కంకణం పోశారు. బేత్లెహేముకు వచ్చిన జ్ఞానులు పారశీకులని పాస్టరుగారు చెప్పగా విని, పుస్తకంలోని ఒక ప్రాచీన పారశీక నగను చూసి నమూనా చెక్కారు: ఎదురెదురుగా రెండు సింహాలు, వాటికి రెక్కలు, కొమ్ములు.

ఏంజెలా దానిని ఒక విందుకు పెట్టుకువెళ్లింది. ఫొటో చూసినవారెవరో అది దొంగిలించిన పురావస్తువని ఫిర్యాదు చేశారు. పోలీసులు పరిశీలనకని కంకణాన్ని ఠాణాలో ఉంచుకున్నారు. వాళ్ల న్యాయవాదినైన నేను ఆలోచించకుండా, రుజువుగా చెక్క నమూనాను అందజేశాను. పురావస్తు నిపుణులు దక్షిణామూర్తిగారు రెండింటినీ కొలిచి తల అడ్డంగా ఊపారు.

“చెక్క మిల్లీమీటరుకు పైగా పెద్దది. కంకణం దీనినుంచి రాలేదు. పాత నగను చూసి తరువాత చెక్కినట్టుంది.”

నేనిచ్చిన రుజువే కొర్నేలిగారి మెడకు చుట్టుకుంది. ఇన్‌స్పెక్టర్ మనోజ్‌కుమార్ కేసు కాగితాలు ముందుకు లాక్కున్నారు. నేను చట్టం పుస్తకం తెరిచాను.

“నువ్వాగమ్మా, ఆ సెక్షన్లు తర్వాత సదూదువు గాని,” అని కొర్నేలిగారు సంచిలోంచి ఇనుప స్కేలు తీశారు. “పెద్దదే ఉండాల సారూ! సమానంగా ఉంటే అప్పుడు నన్ను లోపలెయ్యండి.”

“అదేమిటి?”

“సల్లారితే లోహం కుంచించుకుపోద్ది గదా. అందుకే మా స్కేల్లో ప్రతి సెంటీమీటరూ కూసింత పొడుగు. ఇది ఇత్తడి పనిది, బంగారానికీ ఇంచుమించు సరిపోద్ది. చెక్కని దీంతో కొలవండి, కంకణాన్ని మీదాంతో.”

కొలిచారు. రెండు స్కేళ్లూ ఎనభై మిల్లీమీటర్లే చూపాయి. దక్షిణామూర్తిగారు భూతద్దం పెట్టి చూడగా, చెక్క సింహం రెక్కపై ఉలి జారిన గీత బంగారు సింహానికీ ఉంది.

“క్యా హువా సాబ్?” అన్నారు ఇన్‌స్పెక్టర్.

“నయా హై. దే దీజియే.” కొత్తదే, ఇచ్చేయమని చెప్పి దక్షిణామూర్తిగారు కొర్నేలిగారి వైపు తిరిగి నవ్వారు. “ఈ సింహం మొహం పుస్తకంలోది కాదే, కొర్నేలిగారూ!”

“మా ఫోర్‌మన్‌ది సారూ. కొమ్ములొక్కటే కలిపినాను.”

రసీదు రాసి కంకణం తీసుకున్నాం. ఏంజెలా అక్కడే తొడుక్కుని చేతిని గుండెకు అదుముకుంది.

“పదండే, ఆకలేస్తంది,” అన్నారు కొర్నేలిగారు. “నిన్నటేల నుంచి ముద్ద దిగితే ఒట్టు.”

నెహ్రూ నగర్ మలుపులో ఆయన వరుసగా ఐదు సమోసాలు తిన్నారు.