పేరొక్కటే పాతది

కెనడాలోని గ్వెల్ఫ్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి లావణ్యకు ఎవరో పాత ఇంగ్లీషు సైకిల్ ఉచితంగా ఇచ్చారు. దైవకృప అనుకున్నాను. నేను తనను చూడ్డానికి వెళ్ళినప్పుడు, బస్టాపులో ఒక పెద్దాయన దాని ముందున్న కంపెనీ బిళ్ళను చూసి ఆగిపోయాడు.

"అమ్మా, ఇంగ్లండులో ఈయన వాళ్ళమ్మ ఈ కంపెనీలోనే వర్క్ చేసేదట. ఇలాంటి బిళ్ళలు ఆవిడే బిగించేదట!" అని ఆయన ఇంగ్లీషు మాటలు నాకు తెలుగులో చెప్పింది లావణ్య.

ఆయన ఆశగా వంగి, సీటు కింద ఉన్న స్టిక్కర్ చదివాడు. ముఖం వాడిపోయింది.

"కంపెనీని వేరేవాళ్ళు టేకోవర్ చేశారటమ్మా. ఇది ఇంకో దేశంలో తయారైందట. పేరొక్కటే పాతదట."

"పోనీలే, పేరైనా నిలిచింది కదా. అలా చెప్పవే," అన్నాను ఓదార్పుగా.

చెప్పింది. ఆయన నెమ్మదిగా ఏదో అన్నాడు. లావణ్య గొంతు తగ్గించింది.

"ఆ పేరు కోసమే కొని, ఫ్యాక్టరీ మూసేశారట. వాళ్ళమ్మకు మళ్ళీ పని దొరకలేదట."

క్షమించమని చేతులు జోడించాను. సెలవు తీసుకుంటున్నానని అనుకున్నాడేమో, ఆయన నవ్వుతూ చెయ్యి ఊపి బస్సెక్కాడు.