కావడి లేని పరుగు

బంగారుపాళ్యం తోటల్లో మామిడికాయల కావడి మోస్తూ ఉరికినవాణ్ని. బరువు లేకపోతే ఇంకా వేగంగా ఉరుకుతాననుకున్నాను. చిత్తూరులో యాభై దాటినవాళ్లకు పరుగు పందెం పెడితే, గెలిచి వస్తానని తోటి కూలీలందరికీ చెప్పాను.

తీరా మొదలయ్యాక నెరిసిన తలలన్నీ నన్ను దాటిపోయాయి. బుట్టలు ఊగకుండా చిన్న అడుగులు వేయడం మరిగిన కాళ్లు, పెద్ద అంగలు వేయమంటే వినలేదు. చూడవచ్చిన కూలీలు రోడ్డు పక్కనుంచి అరిచారు: "ఉరకబ్బా! కాయలేం కింద పడవులే!"

అందరికంటే ఆఖరున చేరి, ఎగతాళి చేసినవాళ్ల మీద కోపంతో తల దించుకున్నాను. గెలిచిన ముసలాయన వచ్చి, కావడి మోసి కాయకాచిన నా భుజం తడిమాడు.

"ఇన్నేండ్లు బరువుతో ఉరికినావా అప్పా? నేనైతే నాలుగడుగులకే కూలబడిపోయేవాణ్ని."

ఓడించినవాడే ఆ మాటన్నాక, కోపం ఎవరి మీద తెచ్చుకోను?