మా అత్త జడపిన్ను

వానలు లేక, చీరలు కొనేవాళ్లు లేక ధర్మవరంలో మగ్గాలు ఆగిన రోజుల్లో మా మేనత్త సరదాకి మొండి తాళాలు తెరవడం నేర్చుకుంది. తాళాన్ని చెవికి ఆనించి, జడపిన్ను లోపలికి పోనిచ్చి, "పలుకు తల్లీ" అని బతిమాలేది. తెరుచుకోగానే పసిపిల్లలా నవ్వి, మళ్లీ టక్కున నొక్కేసేది. ఇంకోసారి తెరవాలి కదా!

నా పెళ్లినాడు, అత్త నేసిన ముహూర్తపు చీర ట్రంకుపెట్టెలో ఉండిపోయింది. తాళంచెవి కనపడలేదు. పురోహితుడు కేకలేస్తున్నాడు. అత్త జడపిన్ను తీసింది. కాసేపటికి తాళం పలికింది. అందరం చప్పట్లు కొట్టాం. అత్త నవ్వింది, టక్కున నొక్కేసింది.

"ఏం జేస్తివక్కా! ముహూర్తం దాటిపోతాండాది!" నాయన నెత్తి పట్టుకున్నాడు.

"ఉండప్పా, దీని గుట్టు తెలిసిపాయె గదా!"

నిజంగానే క్షణంలో తెరిచింది. ఈసారి నేను చీర తీసుకునేదాకా నాయన ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.